గాజు సీసాలు యుద్ధం గెలిచాయట: ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

మామిడికాయలు మార్కెట్లోకి దిగగానే ఒక మెసేజ్ కూడా దిగుతుంది. ఈ ఏడాది నాకు ఐదు గ్రూపుల్లో వచ్చింది, అందులో రెండు మా చుట్టాలవే. పైన ఒక పాత అమెరికన్ బొమ్మ. చేతుల నిండా గాజు సీసాలు హత్తుకుని హాయిగా నవ్వుతున్న ఒక గృహిణి. కింద తెలుగులో పొడుగాటి కథ.

కథ సారాంశం ఇది. ఇది 1942లో తీసిన ఒక నిజమైన ఇల్లాలి చిత్రం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఆడవాళ్ళు ఎవరి సాయమూ లేకుండా, అమ్మమ్మల దగ్గర నేర్చుకున్న విద్యతో కూరగాయలూ మాంసమూ సీసాల్లో పెట్టి యుద్ధభూమిలో ఉన్న సైనికులకి పంపారు. పేదా గొప్పా, నలుపూ తెలుపూ తేడా లేకుండా దేశమంతా ఒక్కటై చేసింది. మందులు కలపలేదు, మిషన్లు వాడలేదు, వట్టి మరిగే నీళ్ళతో కానిచ్చారు. ఒక్కరికి కడుపునొప్పి కూడా రాలేదు. తర్వాత డబ్బా కంపెనీలు జనాన్ని భయపెట్టి ఈ అలవాటు మాన్పించాయి. ఇదంతా మన ఆవకాయ లాంటిదే, మీరూ చెయ్యండి అని ముక్తాయింపు. ఆ కింద 'విధానం': బీన్సు, గోరుచిక్కుడు, ఉడికించిన చికెన్, ఏదైనా సరే సీసాలో నింపి, మూత బిగించి, అరగంట నీళ్ళలో మరిగిస్తే ఏడాది నిల్వ ఉంటుందట.

మామూలుగా ఇలాంటివి చూసి వదిలేస్తాను. ఈసారి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఒసే, గోరుచిక్కుళ్ళు విరగకాశాయే. నువ్వు అమెరికాలోనే ఉన్నావు కదా, అక్కడి వాళ్ళు నిజంగా ఇలా సీసాల్లో పెట్టుకుంటారా?" అంది.

"పెట్టుకుంటారు పెద్దమ్మా, కానీ ఇలా మాత్రం కాదు" అన్నాను. ఆ 'ఇలా కాదు' అన్నది ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. ఇలా సీసాల్లోనో డబ్బాల్లోనో మూసి, వేడితో నిల్వ చెయ్యడాన్ని ఇక్కడ క్యానింగ్ అంటారు.

వరస తప్పినా సరే, చివరిదే ముందు తీసుకుంటాను. మిగతావి చరిత్రలో పొరపాట్లు. ఇది మనిషి ప్రాణం మీదికి తెచ్చేది.

వట్టి మరిగే నీళ్ళు చాలట

మట్టిలో క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. గాలి తగిలేచోట దానివల్ల మనకి పెద్దగా ఇబ్బంది లేదు. కష్టకాలంలో అది గట్టి పెంకు కట్టుకున్న విత్తనంలా మారిపోతుంది. ఆ రూపాన్ని స్పోర్ అంటారు. మట్టిలో పండే ప్రతి కూరగాయ మీదా అవి అంటుకుని ఉండే అవకాశం ఉంది, ఎంత కడిగినా కొన్ని మిగులుతాయి. ఇప్పుడు ఆ కూరని సీసాలో పెట్టి, మరిగించి, గాలంతా బయటికి పోయాక మూత బిగుసుకుందనుకోండి. లోపల గాలి లేదు, తడి ఉంది, పులుపు లేదు, బయట గది వేడి ఉంది. ఆ స్పోర్‌కి అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. మొలకెత్తి, పెరిగి, విషాన్ని తయారుచేస్తుంది. అది తిన్నవాళ్ళకి ముందు కనురెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. ఆ పక్షవాతం కిందికి దిగి ఊపిరి తీసే కండరాల దాకా వస్తుంది. సీసా వాసన మారకపోవచ్చు, రుచీ మారకపోవచ్చు.

మరిగిస్తే చావదా అంటే, ఆ స్పోర్ చావదు. మంట ఎంత పెంచినా మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీలు దాటవు. పులుపు లేని కూరలకి, మాంసానికి సుమారు 116 డిగ్రీలు కావాలి. ఆ వేడి ఆవిరిని బంధించి ఒత్తిడి పెంచితేనే వస్తుంది. మన వంటింట్లో కుక్కర్ విజిల్ వెనక ఉన్న సూత్రమే అది. అందుకే పులుపు లేని వాటికి ప్రెషర్ తప్ప వేరే సురక్షితమైన దారి లేదని అమెరికా వ్యవసాయ శాఖ 1917లోనే తేల్చింది. ఫార్వర్డ్‌లో చెప్పే యుద్ధం మొదలవడానికి ఇరవై ఏళ్ళకి పైగా ముందు మాట.

పళ్ళ సంగతి వేరు. పీచ్‌లు, యాపిల్స్, ఊరేసిన దోసకాయలు పుల్లగా ఉంటాయి. పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, ఎంత తగ్గితే అంత పులుపు) 4.6 కన్నా కిందుంటే ఆ స్పోర్ మొలకెత్తదు. వాటికి మరిగే నీళ్ళు నిజంగానే చాలు. టమాటా సరిగ్గా గట్టు మీద కూచుంటుంది, అందుకే ఈ రోజుల్లో లీటరు సీసాకి రెండు పెద్ద చెంచాల నిమ్మరసం పొయ్యమంటారు. ఫార్వర్డ్ రాసిన మహానుభావుడెవరో పళ్ళకి పనికొచ్చే పద్ధతిని తెచ్చి బీన్సుకీ చికెన్‌కీ అంటగట్టాడు.

ఇది నేను పుస్తకాల్లోంచి మాత్రమే చెప్పడం లేదు. మూడేళ్ళ క్రితం మా కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎక్స్‌టెన్షన్ వాళ్ళు, అంటే ప్రభుత్వం, విశ్వవిద్యాలయం తరఫున ఇలాంటి పనులు నేర్పేవాళ్ళు, శనివారాలు పెట్టే క్లాసుకి వెళ్ళాను. పన్నెండు మందిమి, ఒక డెబ్బై ఏళ్ళ టీచరమ్మ. మొదటి రోజు బీన్సు. అంగుళం ముక్కలు తరిగాం, సీసాలో నింపాం, పైన సరిగ్గా అంగుళం ఖాళీ వదిలాం. ఆవిడ స్కేలు పెట్టి కొలిచింది! సీసా అంచుని తడిబట్టతో తుడిచి, పల్చటి రేకు మూత పెట్టి, దాని మీద మరచుట్టు వేళ్ళతో బిగించాం. క్యానర్, అంటే సీసాలు పట్టే కుండ లాంటి పెద్ద ప్రెషర్ పాత్ర, అందులో రెండు మూడు అంగుళాల నీళ్ళు. మూత పెట్టాక వెంటనే వెయిట్ పెట్టకూడదు. పది నిమిషాల పాటు ఆవిరిని బుస్సుమని పోనివ్వాలి, లోపల గాలి మిగిలితే వేడి లెక్క తప్పుతుంది. ఆ తర్వాత వెయిట్ పెట్టి, పది పౌండ్ల ఒత్తిడి దగ్గర అరలీటరు సీసాలకి 20 నిమిషాలు, లీటరు సీసాలకి 25. ఎత్తు ప్రదేశాల్లో ఒత్తిడి ఇంకా పెంచాలి. స్టవ్ కట్టేశాక దానంతట అదే చల్లారాలి, మనం చేసినట్టు విజిల్ ఎత్తకూడదు, కుళాయి కింద పెట్టకూడదు. సీసాలు బయటికి తీసి తువ్వాలు మీద పెట్టాక, కాసేపటికి ఒక్కో మూతా లోపలికి గుంజుకుని 'టిక్' మంటుంది. ఆ చప్పుడు కోసం క్లాసంతా నోరు మూసుకుని కూచున్నాం.

"మా ఇండియన్ కుక్కర్‌లో పెట్టొచ్చా?" అని అడిగాను. వద్దంది. ఆ చిన్న కుక్కర్ త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. కాలపట్టిక మొత్తం పెద్ద క్యానర్‌ని బట్టి కట్టింది కాబట్టి, లెక్కలో ఉన్న వేడి చిన్న కుక్కర్‌లో సీసా మధ్య దాకా అందదు. అరలీటరు సీసాలకే ఈ గొడవంతా ఉంటే, అరగంట మరిగిస్తే చికెన్ ఏడాది ఉంటుందని రాసినవాణ్ణి ఏమనాలి?

ఒక్కరికి కడుపునొప్పి కూడా రాలేదట

వచ్చింది, ప్రాణాలూ పోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో నమోదైన బొటులిజం (ఈ విషం వల్ల వచ్చే జబ్బు) సంఘటనల్లో ఎక్కువ భాగం ఇంట్లో నిల్వ చేసిన ఆహారం వల్లే జరిగాయి. ఫ్యాక్టరీ డబ్బాల వాటా చాలా తక్కువ. యుద్ధకాలంలో ప్రెషర్ క్యానర్ దొరకనివాళ్ళు బీన్సు సీసాల్ని మూడేసి గంటలు నీళ్ళలో మరిగించేవారు. కొందరు ఓవెన్‌లో పెట్టేవారు. అవి పేలి గాజు ముక్కలు మొహాన కొట్టిన సందర్భాలు ఉన్నాయి కాబట్టే ఓవెన్ పద్ధతి వద్దని నిపుణులు మొత్తుకున్నారు. ఇంట్లో పెట్టిన కూరల సీసా తెరిచాక, చెంచాతో రుచి కూడా చూడకుండా ముందు పది నిమిషాలు బాగా మరిగించమని చెప్పేవారు. స్పోర్ చావకపోయినా, అది తయారుచేసిన విషం ఆ వేడికి విరిగిపోతుంది. ఎవరికీ ఏమీ కాని దేశంలో ఇంత జాగ్రత్త ఎందుకు చెప్తారు?

'మందులు కలపలేదు' అన్నదీ అంతే. బోరిక్ ఆసిడ్, సాలిసిలిక్ ఆసిడ్ లాంటివి కలిపిన 'క్యానింగ్ పౌడర్లు' అప్పట్లో అమ్మేవారు, కొనేవాళ్ళు కొనేవారు. వాడొద్దని వ్యవసాయ శాఖ చెప్తూనే ఉండేది. పాతకాలం అనగానే అంతా స్వచ్ఛం అనుకోవడం మన బలహీనత.

1942 నాటి నిజమైన ఇల్లాలట

ఆ బొమ్మ పోస్టరు. డిక్ విలియమ్స్ అనే చిత్రకారుడు వేశాడు. 1944లో వార్ ఫుడ్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ కోసం అచ్చయింది. 1942లో ఆ సంస్థే పుట్టలేదు, 1943లో ఏర్పడింది. మీద ఇంగ్లిష్‌లో ఉన్నది చిన్న చమత్కారం. 'క్యాన్' అంటే 'చెయ్యగలను' అనీ, 'డబ్బాలో నిల్వ చేస్తాను' అనీ రెండర్థాలు. నేను చెయ్యగలను కదా, దేశభక్తి నాకు కావలసినంత ఉంది, రేషన్ పాయింట్ల బాధ నాకు లేదు అంటుంది ఆవిడ.

దానికి ఒక ఏడాది ముందు, 1943లో, ఇంకో పోస్టరొచ్చింది. నాకు అది ఇంకా ఇష్టం. తల్లి సీసాల పనిలో ఉంది, పక్కన చిన్న కూతురు. ఈ చలికాలం మనకి తినడానికి బోలెడుంటుంది కదమ్మా అని ఆ పాప అడుగుతోంది. కింద, మీ కూరలు మీరే పండించుకోండి, మీరే సీసాల్లో పెట్టుకోండి అని ఉంది. వేసింది ఆల్ పార్కర్. మామూలు చిత్రకారుడు కాదు. 1939 నుంచీ ఒక పెద్ద మహిళా పత్రిక ముఖచిత్రాల మీద ఒకేలాంటి బట్టలు తొడుక్కున్న తల్లీకూతుళ్ళని వేసి దేశాన్ని ఒక ఊపు ఊపినవాడు. ఆ ముఖచిత్రాలు చూసి అమ్మలు తమకీ కూతుళ్ళకీ ఒకే రకం గౌన్లు కుట్టించుకునేవారు. యుద్ధ సమాచార శాఖ సరిగ్గా అలాంటివాణ్ణే పట్టుకుంది. ఎందుకంటే వాళ్ళకి కావలసింది క్యానింగ్ వంటింటి ఫొటో కాదు. ఆగస్టు ఎండలో పొయ్యి మీద క్యానర్ బుసకొడుతుంటే ఆ వంటింట్లో ఉన్నావిడ జుట్టు ఎలా ఉంటుందో, ఆ పనిచేసిన ఎవరినైనా అడగండి. ఈ బొమ్మల్లో ఒక్కరికీ చెమట పట్టదు.

ఈ బాణీ మొదటి ప్రపంచ యుద్ధంలోనే మొదలైంది. 1918లో పాల్ వెరీస్ వేసిన పోస్టరులో కూరల సీసాల పక్కన ఇంకో సీసాలో శిరస్త్రాణంతో సహా జర్మనీ చక్రవర్తి కైజర్ తలకాయ ఉంటుంది. కూరగాయల్నీ పళ్ళనీ కైజర్‌నీ కూడా క్యాన్ చేసెయ్యండి అని రాత. ఊరగాయ జాడీలో శత్రువుని దింపిన ఆ ఊహకి మాత్రం దండం పెట్టాలి.

ఎవరి సాయమూ లేదు, అమ్మమ్మల విద్యట

కైజర్ పోస్టరు అడుగున ఇంకో వాక్యం ఉంది. ఉచిత పుస్తకం కోసం వాషింగ్టన్‌లోని నేషనల్ వార్ గార్డెన్ కమిషన్‌కి రాయండి అని. అమ్మమ్మకి వచ్చిన విద్యే అయితే వాషింగ్టన్ నుంచి పుస్తకం తెప్పించుకోవడం ఎందుకు?

అసలు ఈ విద్య పుట్టింది అమ్మమ్మల దగ్గర కాదు, సైన్యానికి తిండి నిల్వ చేసే ఉపాయం కోసం చేసిన వెతుకులాటలో. ఫ్రాన్స్‌లో నికొలా అపేర్ అనే మిఠాయి వ్యాపారి సీసాల్లో ఆహారం పెట్టి మరిగించి నిల్వ చేసే పద్ధతి కనిపెట్టినందుకు 1810లో ప్రభుత్వం 12,000 ఫ్రాంకులు ఇచ్చింది. మరచుట్టు మూత ఉన్న గాజు సీసాకి జాన్ మేసన్ 1858లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. అందుకే ఇక్కడ ఇప్పటికీ ఆ సీసాని మేసన్ జార్ అనే అంటారు.

ఇంటింటికీ ఆ విద్య చేరిన తీరు నాకు భలే నచ్చుతుంది. 1910లో సౌత్ కరొలైనాలోని ఏకెన్ కౌంటీలో మారీ క్రోమర్ అనే బడి పంతులమ్మ ఆడపిల్లలతో టమాటా క్లబ్బు పెట్టింది. ఒక్కో పిల్ల ఎకరంలో పదో వంతు మడి వేసుకుని, టమాటాలు పండించి, వాటిని డబ్బాలకెత్తి అమ్ముకుని, లెక్కలు రాసుకునేది. ఆ డబ్బు పిల్లలదే. నాలుగేళ్ళకి, 1914లో స్మిత్-లెవర్ చట్టం వచ్చింది. దాని కింద కౌంటీ కౌంటీకీ ప్రభుత్వం, విశ్వవిద్యాలయం కలిసి హోమ్ డెమాన్‌స్ట్రేషన్ ఏజెంట్లని పెట్టడం మొదలుపెట్టాయి. వాళ్ళు ఊళ్ళు తిరిగి, చర్చిలోనో బడిలోనో పొయ్యి పెట్టి, చేసి చూపించేవారు. యుద్ధం వచ్చేనాటికి ఈ బలగం సిద్ధంగా ఉంది. నన్ను స్కేలుతో అంగుళం కొలిపించిన టీచరమ్మ ఉద్యోగం కూడా ఆ చట్టం నుంచి వచ్చిందే.

ఇక యుద్ధంలో సాయం అంటారా, ప్రతి సీసా వెనకా ప్రభుత్వమే. జపాన్ మలయానీ (ఇప్పటి మలేషియా) డచ్చి ఈస్టిండీస్‌నీ (ఇప్పటి ఇండోనేషియా) ఆక్రమించడంతో తగరం, రబ్బరు రెండూ కరువయ్యాయి. ఉక్కు డబ్బాలకి పూసేది తగరం, సీసా మూతకింద వేసేది రబ్బరు రింగు. ఫిలిప్పీన్స్ పోవడంతో చక్కెరా తగ్గింది. 1942 మే నుంచి చక్కెరకి రేషన్. పళ్ళు సీసాల్లో పెట్టుకునేవాళ్ళు రేషన్ బోర్డుకి దరఖాస్తు పెడితే నాలుగు పెద్ద సీసాలకి ఒక పౌండు చొప్పున అదనంగా ఇచ్చేవారు. అల్యూమినియం అంతా విమానాలకి మళ్ళడంతో 1942లో ప్రెషర్ క్యానర్ల తయారీ దాదాపు ఆగిపోయింది. మరుసటి ఏడాది ప్రభుత్వమే తప్పు తెలుసుకుని, తయారీకి మళ్ళీ అనుమతిచ్చి, వాటిని కమిటీల ద్వారా పంచింది. ఒక క్యానర్‌ని నాలుగైదు ఇళ్ళవాళ్ళు వంతులేసుకుని వాడుకోండని చెప్పింది. అదీ కుదరనివాళ్ళకి బడుల్లో కమ్యూనిటీ క్యానింగ్ సెంటర్లు వేల సంఖ్యలో వెలిశాయి.

సైనికులకి పంపారట

ఇదే అందరికీ గుండె తడిపే వాక్యం. ఇదే శుద్ధ తప్పు. గాజు సీసాల్ని సముద్రం దాటించి యుద్ధభూమికి ఎవరు మోస్తారు? సైనికుడు తిన్నది ఫ్యాక్టరీల్లో తయారైన సీ-రేషన్, కే-రేషన్. ప్రభుత్వం చెప్పిన లెక్క చాలా తిన్నగా ఉంది. ఫ్యాక్టరీ డబ్బాలు సైన్యానికీ మిత్రదేశాలకీ పోతాయి, రైళ్ళూ లారీలూ అదే పనిలో ఉంటాయి, కాబట్టి మీ కూరలు మీ పెరట్లో పండించుకుని, మీ సీసాల్లో పెట్టుకుని, మీ ఇంట్లో తినండి. 1943 మార్చి 1 నుంచి కొట్లో డబ్బా ఆహారానికి నీలం స్టాంపుల పాయింట్లు పెట్టారు. మనిషికి నెలకి 48. డబ్బులున్నా పాయింట్లు లేకపోతే బఠానీ డబ్బా రాదు. ఇంట్లో పెట్టుకున్న సీసాకి పాయింట్లు అక్కర్లేదు.

ఇంత చెప్పక్కర్లేదు కూడా. పార్కర్ బొమ్మలో పాప 'మనకి తినడానికి' అంది. విలియమ్స్ బొమ్మలో ఆవిడ 'రేషన్ పాయింట్ల బాధ నాకు లేదు' అంది. బొమ్మ షేర్ చేసినవాళ్ళు బొమ్మ మీద రాసింది చదివి ఉంటే ఈ పేరా రాసే పని నాకు తప్పేది.

అంతమాత్రాన ఆ ఆడవాళ్ళు చేసింది తక్కువేం కాదు. 1943లో అమెరికన్ ఇళ్ళలో పెట్టిన సీసాలు 400 కోట్లు దాటాయని అంచనా. అప్పటి జనాభాకి తలకి ముప్ఫై దాకా పడతాయి. ఆ కాలపు సర్వేల్లో నలుగురు గృహిణుల్లో ముగ్గురు ఈ పని చేశామన్నారు, ఒక్కొక్కరు ఏడాదికి సగటున 165 సీసాలు. పైగా అదే యుద్ధంలో సుమారు 60 లక్షల మంది ఆడవాళ్ళు కొత్తగా ఉద్యోగాల్లో చేరారు. పగలు ఫ్యాక్టరీలో రివెట్లు కొట్టి, రాత్రి వంటింట్లో టమాటాలు ఒలిచినవాళ్ళు వాళ్ళలో ఎందరో. పోస్టరుకి ఆ రెండో షిఫ్టు కనబడదు. ఫార్వర్డ్‌కీ కనబడలేదు. అక్కడ 'ఈ కాలం ఆడవాళ్ళు ఆర్డర్ పెట్టుకుని తింటున్నారు' అని ఒక దెప్పుడు మాత్రం ఉంది.

దేశమంతా ఒక్కటై చేసిందట

ఈ బొమ్మల్లో నల్లజాతి ఇల్లాలిని వెతకండి, దాదాపు దొరకదు. వాళ్ళు చెయ్యక కాదు, దక్షిణాది రాష్ట్రాల్లో వాళ్ళు సీసాలు నింపుతూనే ఉన్నారు. కానీ అక్కడ వాళ్ళకి ఏజెంట్లు వేరు, తరగతులు వేరు, జీతాలూ వసతులూ తక్కువ. అన్నీ విడివిడిగా నడిచిన రోజులవి.

జపనీస్ అమెరికన్ల సంగతి ఇంకా చేదు. పశ్చిమ తీరంలో కూరగాయలు, స్ట్రాబెర్రీలు పండించడంలో వాళ్ళది అందెవేసిన చెయ్యి. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఉత్తర్వుతో లక్షా పదివేల మందికి పైగా జనాన్ని ఇళ్ళలోంచి లేపి ముళ్ళకంచెల శిబిరాల్లో పెట్టారు. వాళ్ళలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. ఒకపక్క ప్రతి పెరడూ కూరగాయల మడి కావాలని పోస్టర్లు వేస్తూ, ఇంకోపక్క దేశంలోకెల్లా మంచి కూరగాయల రైతుల్ని పొలాల్లోంచి తీసుకెళ్ళి ఎడారిలో పడేశారు. ఆ ఎడారిలో కూడా వాళ్ళు మడులు కట్టారు. మంజనార్ శిబిరంలో సోయా సాస్, టోఫు సొంతంగా చేసుకున్నారు. ఆ వంటశాలల్ని చూపిస్తూ పోస్టరు రాలేదు.

ఇక్కడ మన వైపు ఒక మాట. మలయా తగరం తీసుకుపోయిన జపాన్ దండయాత్రే బర్మానీ తీసుకుపోయింది, దాంతో బర్మా బియ్యం మనకి ఆగిపోయింది. రంగూన్‌లో పొట్టపోసుకుంటున్న తెలుగువాళ్ళు ఎందరో అడవుల మీదుగా కాలినడకన వచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ పాప 'తినడానికి బోలెడుంటుంది కదమ్మా' అన్న 1943లోనే బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఆ ఏడాది అంకె మీదే చూపు ఆగుతుంది.

కంపెనీలు మాన్పించాయట

దీనికి రెండు ముక్కలు చాలు. సీసాలూ మూతలూ అమ్మే కంపెనీలకి జనం ఎంత ఎక్కువ క్యానింగ్ చేస్తే అంత లాభం, అవే వంటల పుస్తకాలు అచ్చేసి పంచాయి. బొటులిజం గురించి గట్టిగా పరిశోధన జరగడానికి కారణం కూడా ఫ్యాక్టరీ తప్పే. 1919లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఆలివ్ సీసాల వల్ల ఒహాయోలోని క్యాంటన్‌లో ఒక విందులో తిన్నవాళ్ళు కొందరు చనిపోయారు. ఆ దెబ్బకి కంపెనీలే దిగొచ్చాయి, స్పోర్‌ని చంపడానికి ఎంత వేడి ఎంతసేపు కావాలో ఆ తర్వాత కొలిచారు. ఇళ్ళలో అలవాటు తగ్గడానికి కారణాలు యుద్ధం అయిపోవడం, రేషన్ ఎత్తెయ్యడం, ఫ్రీజర్ రావడం.

మన ఆవకాయ లాంటిదేనట

అక్కడే తప్పింది. ఆవకాయలో వేడితో పని లేదు. పుల్లటి కాయ, దండిగా ఉప్పు, ఆవపిండి, పైన మునిగేలా నూనె. సూక్ష్మజీవిని మనం చంపం, అది బతకలేని చోట పెడతాం. గోంగూరకి దాని పులుపు, ఉసిరికి దాని పులుపు, పులుపు లేనిదానికి చింతపండో నిమ్మకాయో. మా అమ్మమ్మకి పీహెచ్ అంటే తెలీదు కానీ, ఉప్పు తగ్గించమంటే మాత్రం జాడీ లాక్కునేది. క్యానింగ్ దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి. కూరలో ఉప్పూ లేదు, పులుపూ లేదు, కాబట్టి భారమంతా వేడి మీదే పడుతుంది. ఆవకాయ ధీమాతో గోరుచిక్కుడు సీసా పెడితే, ఉప్పు చేసే పనీ జరగదు, ప్రెషర్ చేసే పనీ జరగదు. పచ్చి వెల్లుల్లిని వట్టి నూనెలో వేసి బయట పెట్టుకునేవాళ్ళకీ ఇదే మాట. పులుపు లేని నూనె సీసాలో గాలి ఆడదు.

ఇదంతా రాసి పెద్దమ్మకి చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు "ఊఁ" అంది, ఒకసారి పక్కింటావిడతో మాట్లాడొచ్చింది. అంతా విని, "ఇంతకీ ఆ క్యానర్ ఎంతుంటుందే?" అంది. చెప్పాను.

"అంత డబ్బు పోసి గోరుచిక్కుళ్ళు దాచుకోవాలా? ఉప్పేసిన మజ్జిగలో నానబెట్టి వరుగులు పెట్టేస్తాను. ఎండలు ఎటూ మండిపోతున్నాయి" అని, "నీకూ ఒక పొట్లం పంపుతాలే, అక్కడ వేయించుకోడానికి నూనె ఉంది కదా?" అని ఫోన్ పెట్టేసింది.